ఎనిమిదని రాశాను

శనివారం పొద్దున మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకుంటున్నారు. "ఇవాళ ఆ జాకీ పిల్ల పిట్ట ఎక్కే రేసు కాస్త జాగ్రత్తగా చూడమన్నారు చీఫ్ గారు. నీకు చెప్పమన్నారు" అన్నారు. మామూలు గొంతే. నా చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయింది. "గుడ్డ కాలుతుంది" అన్నారు, వెనక్కి తిరక్కుండానే. అద్దంలో నన్నే చూస్తున్నారని అప్పుడు తెలిసింది.

రేసుల్లో తప్పొప్పులు తేల్చే చీఫ్ స్టీవర్డు గది ఆఫీసులో నా గదికి పది అడుగుల దూరం. నాతో చెప్పాల్సిన మాట మా ఆయనతో చెప్పి పంపడం ఆయనకి అలవాటు. అలా వచ్చిన మాటని కాదనడం ఆఫీసులో కాదు, ఇంట్లో కాదన్నట్టవుతుంది. ఆ సంగతి చీఫ్ గారికి బాగా తెలుసు. మేం ఉండేది రేసుకోర్సు క్వార్టర్స్‌లో. మా ఆయన ట్రాక్ మేనేజరు. ఇంకా పర్మనెంటు కాలేదు. 'యాక్టింగ్' అనే మాట మూడేళ్లుగా మా ఇంట్లో ఐదో మనిషిలా మాతోపాటే తిని మాతోపాటే పడుకుంటోంది. ఆయన, నేను, అత్తయ్య, పదేళ్ల మా అమ్మాయి, ఆ తర్వాత అది. ఎవరం ఏం మాట్లాడాలన్నా ముందు దాని మొహం చూడాలి.

నేను వీడియో గదిలో గుమాస్తాగా చేరాను. నాలుగేళ్ల కిందట కొరడా వాడకం మీద కొత్త రూల్సు వచ్చినప్పుడు, రేసు అయ్యాక వీడియోని నెమ్మదిగా తిప్పి ఏ జాకీ ఎన్నిసార్లు కొట్టాడో లెక్కపెట్టే పని ఎవరికీ అక్కర్లేకపోయింది. "కూర్చుని చేసే పనే కదమ్మా, ఆడవాళ్లకి ఓపిక ఎక్కువ" అని చీఫ్ గారు దాన్ని నా పాత పని మీద పెట్టారు. ఆ రోజు నుంచీ నేను లెక్కలమ్మని. రూలు చిన్నదే. రేసు మొత్తానికి ఎనిమిది దెబ్బలు. చెయ్యి భుజం దాటి పైకి లేవకూడదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య గుర్రానికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి. ఒకటి ఎక్కువైతే నాలుగు రోజులు జాకీ రేసులకి దూరం, మూడు ఎక్కువైతే నెల. కొరడా ఒంటికి తగలకుండా పక్కన ఊపితే దాన్ని చూపించడం అంటారు. చూపించడం లెక్కలోకి రాదు. గుర్రం కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, వెనక జరిగేది కూడా దాదాపు అంతా దానికి కనిపిస్తుంది. ఉత్తినే చూపిస్తేనే చెవులు వెనక్కి అంటించుకుని, తోక బిగించుకుని, ఉన్న ప్రాణమంతా కాళ్లలోకి తెచ్చుకునే గుర్రాల్ని నేను ఎన్నింటినో చూశాను. మా ఫారంలో దానికి గడి లేదు.

"మావాడు ఇన్నేళ్లలో ఒక్కసారైనా నీ మీద చెయ్యి చేసుకున్నాడా? పెట్టి పుట్టావమ్మా నువ్వు" అంటుంది అత్తయ్య, బియ్యంలో రాళ్లు ఏరినంత నింపాదిగా. నిజమే, చేసుకోలేదు. ఆయన అరవరు కూడా. కోపం వస్తే గొంతు తగ్గిస్తారు. వినపడాలంటే మనం దగ్గరికి వెళ్లాలి. దగ్గరికి వెళ్లాక ఒక్కోసారి చెయ్యి పైకెత్తి, నేను కళ్లు మూసుకునేలోపు, తన తల దువ్వుకుంటారు. "ఏంటి, కొడతాననుకున్నావా?" అని నవ్వుతారు. ఒకసారి అత్తయ్య కూడా నవ్వింది. వేసవిలో మా అమ్మాయి మార్కుల కాగితం పుస్తకాల మధ్య దాచుకోవడం చూసి, మంచి మార్కులే కదే, ఎందుకు దాస్తున్నావన్నాను. "నాన్న గొంతు ఎలా ఉందో చూసి చూపిస్తానమ్మా" అంది. దానికి నేను నేర్పలేదు. నన్ను చూసి నేర్చుకుంది.

ఆ శనివారానికి నెల రోజుల ముందు ఒక పని చేశాను. జాకీల్లో అందరికన్నా పేరున్నవాడిని బుల్లెట్ అంటారు. ఆ రోజు పెద్ద రేసులో అతను ఎక్కింది క్లబ్బు ప్రెసిడెంటు గారి గుర్రం. గుర్రం తలంత తేడాతో గెలిచాడు. నేను వీడియో మూడుసార్లు తిప్పాను. పదకొండు దెబ్బలు. చివరి రెండూ గుర్రం గెలుపు గీత దాటాక కొట్టినవి, గెలిచిన ఉత్సాహంలో. పెన్ను తీసుకున్నాను. చీఫ్ గారు ఎప్పుడు వచ్చారో, నా కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నారు. "ఎనిమిదే కదమ్మా?" అన్నారు. అంతే. బెదిరించలేదు. ఆ మాటతోపాటు ఇంకోటి కూడా అన్నారు: "మీ ఆయన ఫైలు ప్రెసిడెంటు గారి బల్ల మీదే ఉంది, ఈ వారంలో చూస్తానన్నారు." నేను ఎనిమిదని రాసి సంతకం పెట్టాను. ఆ సాయంత్రం మా ఆయన నాకోసం మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఆ గ్లాసు చూస్తుంటే నాకు ఒంట్లో వణుకు మొదలైంది. ఆ వణుకు నెల రోజులూ పోలేదు. వీడియో గదిలో ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా చేతిలో ఫారం బోర్లా తిప్పేదాన్ని. నేను అబద్ధం రాశానని తెలిస్తే ఏమవుతుందోనన్న భయం సగమే. రాయకపోతే ఆ రోజు ఇంట్లో ఏమయ్యేదో అన్నది మిగతా సగం. జరగనిదానికి కూడా భయపడగలనని నాకప్పుడే తెలిసింది.

ఫైలు ఆ వారం కదల్లేదు. ఆ తర్వాతా కదల్లేదు. ఈలోగా ఏదో పేపర్లో, ఇక్కడ కొరడా రూలు కాగితం మీదే ఉందని రాశారు. ఎవరో ఒకరిని పట్టి చూపించాల్సిన అవసరం వచ్చింది. పిట్ట దొరికింది.

పిట్ట మా రేసుకోర్సులో ఒకే ఒక్క ఆడ జాకీ. నలభై ఎనిమిది కిలోలు. తడిసిన పిట్టలా ఉందని మొదటి రోజు ఎవరో అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. ఆమె కోసం గది లేక గుర్రాల పాత జీన్లు పడేసే కొట్లో ఒక మేకు కొట్టి బట్టలు తగిలించుకోమన్నారు. చేతులు కడుక్కోవడానికి నా గది పక్కనున్న బాత్రూముకే వస్తుంది. రెండేళ్లలో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ ఆ సింకు దగ్గరే.

శనివారం నాలుగో రేసులో ఆమె గెలిచింది. మొదటి గెలుపు. నేను తెర మీద చూస్తున్నాను. మలుపు తిరిగేటప్పటికి ఐదో స్థానం. అక్కడ ఒకటి, రెండు. గుర్రం ముందుకొచ్చింది. మూడు, నాలుగు, ఐదు. చెయ్యి ఎక్కడా భుజం దాటలేదు. ఆరు. ఆరో దెబ్బకి గుర్రం ఇంకేమీ ఇవ్వలేదు, మెడ అలాగే ఉంది, అంగ అలాగే ఉంది. ఏడు, ఎనిమిది. ఇక ఆపమ్మా, ఆపు అన్నాను, పైకే. తొమ్మిది. గీత.

నాలుగుసార్లు తిప్పాను. ఎనిమిది కావాలని చూశాను, దాచడం ఎందుకు. ఒక కోణంలోంచి చూస్తే తొమ్మిదోది గాలిలో ఆగిందేమో అనిపించింది. ఇంకో కెమెరాలో గుర్రం తొడ మీద చర్మం అలలా కదిలింది. తొమ్మిదే.

చేతులు కడుక్కుందామని వెళ్లేసరికి పిట్ట సింకు దగ్గర ఉంది. మొహం నిండా మట్టి. విచారణకి రమ్మని అప్పటికే చెప్పినట్టున్నారు.

"అక్కా, తొమ్మిదా?" అంది.

నేను సబ్బు అందుకున్నాను.

"నాకు తెలుసు తొమ్మిదని. ఎనిమిదని రాయొచ్చు కదక్కా. బుల్లెట్‌కి రాశారుగా."

సింకు అంచు పట్టుకున్నాను. "ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరు చెప్పాలక్కా? అందరం పక్కనే పరిగెత్తుతాం కదా. వాడు కొట్టేది మాకు వినిపిస్తుంది. పదకొండుకి ఎనిమిది అని జాకీల గదిలో జోకు కూడా ఉంది. ఎవడైనా పదకొండు నిమిషాలు ఆలస్యంగా వస్తే ఎనిమిదే అంటారు."

నెల రోజులుగా నేను గుండెల్లో దాచుకుని తిరుగుతున్నది వాళ్లకి నవ్వులాట. తెలియదనుకుని నేను ఒక్కదాన్నే వణికాను. ఇంకెందరికి తెలుసో, చీఫ్ గారు ఎక్కడెక్కడ చెప్పుకుని నవ్వారో, ఒకవేళ ఇది బయటపడితే తప్పు ఎవరి సంతకం మీద ఉంటుందో, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. సంతకం నాది. ఎనిమిదే కదమ్మా అన్న మాట గాలిలో కలిసిపోయింది.

"ఎందుకు కొట్టావు తొమ్మిదోది?" అన్నాను.

ఆమె కొళాయి కట్టేసింది. "ఆడపిల్ల చేతిలో బలం లేదు, గుర్రాన్ని ఇవ్వనని ఓనరు గొణుగుతున్నాడట. ట్రైనరు ఎక్కించేటప్పుడే చెప్పాడు, ఇవాళ నీ చెయ్యి కనపడాలి అని. ఆరోదాని తర్వాత దాని దగ్గర ఇంకేం లేదక్కా, నాకు తెలిసింది. అయినా కొట్టాను. స్టాండులోంచి చూస్తున్నారు కదా." చేత్తో మొహం మీది మట్టి తుడుచుకుంటూ అంది, "భయమేసింది. దాన్ని కొట్టాను."

ఆ మాట విన్నాక ఎనిమిదని రాయలేకపోయాను. రాస్తే ఆమెకి మేలు చేసినట్టుంటుంది, నా పాత అబద్ధానికి తోడు దొరుకుతుంది. గుర్రానికి మాత్రం ఎవరూ దొరకరు. తొమ్మిదని రాశాను.

విచారణ గదిలో పొడవాటి బల్ల. చీఫ్ గారు, ఇంకో ఇద్దరు స్టీవర్డులు, చివర్లో కంప్యూటర్ ముందు టైపిస్టు. ట్రాక్ రిపోర్టు ఇవ్వడానికి వచ్చిన మా ఆయన కూడా అక్కడే, నాకు ఎదురుగా. పిట్ట హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. ఆమెకి కుర్చీ వెయ్యలేదు.

"చదవమ్మా" అన్నారు చీఫ్ గారు.

"తొమ్మిది. చెయ్యి భుజం దాటలేదు. వ్యవధి సరిపోయింది."

"విన్నారుగా. మొదటి గెలుపుకే ఈ దూకుడు. గుర్రాల పట్ల క్రూరత్వం కిందికి తీసుకుందాం. అరవై రోజులు. అందరికీ బుద్ధొస్తుంది." పక్కనున్న ఇద్దరూ తలూపారు. చీఫ్ గారు టైపిస్టు వైపు తిరిగారు.

పిట్ట నా వైపు చూడలేదు. నేల చూస్తోంది. అరవై రోజులు గుర్రమెక్కకపోతే ఈ సీజను పోతుంది. తర్వాత ఎవరూ పిలవరు. లేచి నిలబడాలని అనుకోలేదు, కానీ లేచాను. "ఒకటి ఎక్కువైతే నాలుగు రోజులండీ. పుస్తకంలో అంతే ఉంది" అన్నాను.

మా ఆయన తలెత్తారు. "కూర్చో" అన్నారు. గొంతు తగ్గించి. బల్లకి ఆ చివర ఉన్నవాళ్లకి వినిపించి ఉండదు. నాకు వెన్నులోకి చల్లగా దిగింది. ఎప్పుడూ అలా దిగాక నా నోరు దానంతటదే మూతపడుతుంది. ఆ రోజు మాత్రం మూతపడేలోపు మాట బయటికొచ్చేసింది.

"పోయిన నెల పెద్ద రేసులో బుల్లెట్‌వి పదకొండు దెబ్బలు. అందులో రెండు గీత దాటాక. నేను ఎనిమిదని రాశాను. తెలిసే రాశాను. దాన్ని కూడా ఇవాళ్టి విచారణలో ఎక్కించండి."

చీఫ్ గారు నవ్వు మొహం పెట్టి, "అమ్మాయికి ఒంట్లో బాగున్నట్టు లేదు" అన్నారు. మా ఆయన వెంటనే అందుకున్నారు. "అవునండీ, ఈ మధ్య సరిగ్గా నిద్రపోవడం లేదు. ఏదేదో ఊహించుకుంటోంది. నేను ఇంటికి తీసుకెళ్తాను." నా గురించి, నేను అక్కడ లేనట్టు, కాలు విరిగిన గుర్రాన్ని పక్కకి తప్పిస్తామన్నట్టు మాట్లాడుకున్నారు.

అప్పుడు టైపిస్టు, రిటైర్మెంటుకి రెండు నెలలున్న మనిషి, కళ్లజోడు పైకి తోసుకుంటూ అడిగాడు: "పదకొండా మేడమ్, పదమూడా? సరిగ్గా వినపడలేదు."

"పదకొండు" అన్నాను.

అతను టక టకా టైపు చేసేశాడు. విచారణలో ఒకసారి ఎక్కిన మాటని కొట్టెయ్యడానికి స్టీవర్డులకి కూడా అధికారం లేదు. నాకు అంత ఆలోచన లేదుగానీ ఆ టైపిస్టుకి ఉంది.

పిట్టకి నాలుగు రోజులు వేశారు. నన్ను పనిలోకి రావద్దన్నారు. బుల్లెట్ రేసు వీడియోని బయటి నుంచి వచ్చే రిటైర్డ్ జడ్జి గారు చూస్తారని, ఆయన ముందు నేను గురువారం హాజరు కావాలని కాగితం వచ్చింది.

ఆ మధ్య నాలుగు రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. మా ఆయన నాతో మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పెట్టింది తిన్నారు, నా ఫోను తీసుకుని తన జేబులో వేసుకున్నారు, స్కూలుకి అమ్మాయిని తనే దింపారు. నేను వంటింట్లో ఉంటే వచ్చి వెనక ఊరికే నిలబడేవారు. కూరగాయలు తరుగుతున్నదాన్ని చప్పున కత్తి కింద పెట్టేసేదాన్ని, ఎందుకో నాకే తెలియదు. అత్తయ్య మాత్రం మాట్లాడింది. "వాడి నోటి కాడ కూడు లాగేశావు. ఉద్యోగం పోతే ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలి, తెలుసా? ఎవత్తో గుర్రాలెక్కే పిల్ల కోసం." నేను పిట్ట కోసం చేశానని ఆవిడ అనుకుంది. అందరూ అలాగే అనుకున్నారు. అది పూర్తిగా నిజం కాదు. పదకొండుకి ఎనిమిది అని నవ్వుకునే చోట ఇంకొక్క రోజు కూర్చుని లెక్కపెట్టలేననిపించింది. అంతే.

బుధవారం సాయంత్రం ఆయన నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "రేపు నేనూ వస్తాను, తోడుగా. ఏం చెప్పాలో విను. కళ్లజోడు మార్చుకోవాల్సిన టైములో పొరపాటు పడ్డానని చెప్పు. శనివారం ఏదో గాభరాలో అలా అన్నానని చెప్పు. చీఫ్ గారు మాట్లాడారు. నీ పని నీకుంటుంది, నా ఫైలు కదులుతుంది. ఎవరికీ ఏం కాదు." చివరి మాటలు వినడానికి నేను ముందుకి వంగాల్సి వచ్చింది. "నువ్వు వేరేగా చెప్తే, ఇంటికి రావాలి కదా మళ్లీ" అన్నారు. అని, అటూ ఇటూ చూసి లేచి వెళ్లిపోయారు. పక్కగదిలో అమ్మాయి పాఠం చదువుతున్న గొంతు ఠక్కున ఆగిపోయింది.

గురువారం పదకొండింటికి పిలిచారు. చిన్న గది, ఒక బల్ల, జడ్జి గారు, పక్కన రాసుకోవడానికి ఒకావిడ. ఆయన పెద్దవారు, వేడినీళ్ల ఫ్లాస్కు పక్కన పెట్టుకుని గుక్క గుక్కగా తాగుతున్నారు. నామీద జాలి చూపించే మనిషిలా లేరు. తొందరగా తేల్చేసి వెళ్లిపోవాలని ఉన్నట్టుంది. తలుపు సగమే వేసి ఉంది. ఆ సందులోంచి బయట బెంచీ, మా ఆయన బూట్లు రెండూ కనిపిస్తున్నాయి. కుడి బూటు ఆగి ఆగి నేలని తడుతోంది.

"వీడియో నేనూ చూశాను. పదకొండే" అన్నారు జడ్జి గారు. "మీరు రాసింది పొరపాటా, అబద్ధమా?"

కళ్లజోడు మాట నాలుక చివరిదాకా వచ్చింది. బూటు ఆగిపోయింది.

"అబద్ధమండీ."

"ఎవరైనా రాయమన్నారా?"

"ఎనిమిదే కదమ్మా అన్నారు చీఫ్ గారు."

"అంటే, రాయమనలేదు. అడిగారు. కాదండీ, పదకొండు అని చెప్పడానికి మీకేం అడ్డొచ్చింది?"

"భయమేసిందండీ."

"చీఫ్ గారంటే భయమా?"

అవునంటే సరిపోయేది. రాసుకునే ఆవిడ అప్పటికే 'అవును' అని రాయడానికి పెన్ను ఆనించింది కూడా. అందరికీ అర్థమయ్యే జవాబు అది, తప్పు కూడా కాదు. కానీ చీఫ్ గారు ఏం చెయ్యగలరు? నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు. పనిలోకి రావద్దని ఇప్పటికే అన్నారు కూడా. ఆ మాట విన్న రోజు నాకు నిద్ర పట్టింది. చెయ్యి నా కుర్చీ మీద వేసింది ఆయనే, కానీ ఆ క్షణంలో నా కళ్ల ముందు మెదిలింది ఆయన మొహం కాదు. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగని ఒక ప్రశ్నకి ఈ ముసలాయన, ఏమీ తెలియకుండా, ఒక్క అడుగు దూరం వరకు వచ్చి ఆగారు.

"కాదండీ" అన్నాను.

ఆయన ఫ్లాస్కు మూత బిగించి మొదటిసారి నన్ను నిదానంగా చూశారు. "మరి ఎవరంటే భయం?"

"బయట బెంచీ మీద కూర్చున్నారండీ" అన్నాను. "ఆ తలుపు పూర్తిగా వేయించండి, చెప్తాను."